మెయిజీ మందిరానికి వెళ్లినవారు మొక్కాలా, మానాలా?

గౌతమీతీరం:
టోక్యోలోని మెయిజీ జింగూ అనే షింటో (జపాన్ సంప్రదాయ మతం) మందిరంలో విదేశీయులు కూడా రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు చరిచి, మరోసారి వంగి మొక్కుతున్నారు. అక్కడ కొలువైనది 1912లో మరణించిన మెయిజీ చక్రవర్తి, ఆయన భార్య షోకెన్. ఆయన ఏలుబడిలోనే 1895లో తైవాన్, 1910లో కొరియా జపాన్ వశమయ్యాయి. పరాయి పాలన చవిచూసిన దేశస్థులం కనుక మనం అక్కడికి వెళ్లకపోవడమే మేలని నా అభిప్రాయం.

బాటసారి:
గౌతమీతీరం గారూ, మీరు చెప్పిన చరిత్రను కాదనను, కానీ వెళ్లవద్దనడాన్ని ఒప్పుకోలేను. హరాజుకు స్టేషన్ దగ్గర మందిర ప్రవేశాన్ని సూచించే తోరీ ద్వారం దాటగానే మొదలయ్యే సుమారు 70 హెక్టార్ల అడవి మనుషులు నాటినది. 1920లో ప్రతిష్ఠ జరిగిన ఈ మందిరం కోసం దేశం నలుమూలల నుంచి ప్రజలు దాదాపు లక్ష చెట్లు పంపగా, యువకులు శ్రమదానం చేసి నాటారు. నిక్కో పుణ్యక్షేత్రంలో ఉన్నట్టు సుగి (జపాన్ దేవదారు) వృక్షాలే ఉండాలని ప్రధాని ఒకుమా షిగెనొబు కోరినప్పుడు, అవి టోక్యోలో బతకవని ఎదురు చెప్పిన అటవీ శాస్త్రవేత్త హోండా సెయిరోకు, ఓక్, కర్పూర వృక్షం వంటి సతతహరిత జాతులను ఎంచి, కాలక్రమేణా మనిషి సాయం లేకుండా తనంతట తానే పెరిగే అడవికి రూపకల్పన చేశారు. ఈనాటికీ బాటలపై రాలిన ఆకులను పొడవాటి చీపుళ్లతో ఊడ్చి, బయట పారవేయకుండా చెట్ల మొదళ్లకే చేరుస్తారు. 1945 వైమానిక దాడుల్లో కాలిపోయిన ప్రధాన మందిరాన్ని 1958లో తిరిగి నిర్మించారు. ఇంతమంది సామాన్యుల కష్టాన్ని పాలకుని పేరు చూసి కాదనుకోవడం నాకు న్యాయమనిపించదు.

గౌతమీతీరం:
అడవి గురించి నాకు పేచీ లేదు, మొక్కడం గురించే. 1925లో సియోల్‌లో వెలసిన చోసెన్ జింగూ అనే షింటో మందిరంలోనూ ఈ చక్రవర్తినే ప్రతిష్ఠించారు. తరువాత కొరియన్లను నిర్బంధించి మరీ మొక్కించారు. అది తెలిసీ చేతులెలా జోడించగలం?

బాటసారి:
ఆ నిర్బంధం ఘోరమైనదే, అందులో వాదానికి తావు లేదు. అందుకే మొక్కు మనసొప్పినవారిదే కావాలంటాను. తోరీ దగ్గర తల వంచడం ఆ చోటికి చూపే మర్యాద. మందిరం ముందు చప్పట్లు చరచడం ప్రార్థన. నమ్మకం లేకుండా, పక్కవారిని చూసి చేసే ప్రార్థన నిజంగా మొక్కేవారికే అవమానమని నేను గట్టిగా నమ్ముతాను. మీరు చప్పట్లు చరచకపోతే అక్కడ ఎవరూ నిలదీయరు. పక్కకు జరిగి, వెనుక ఉన్నవారికి దారి ఇస్తే చాలు. ప్రధాన మందిరానికి ఎదురుగా ఫోటోలు తీయరాదన్న నియమం మాత్రం మొక్కేవారికీ మొక్కనివారికీ ఒకటే.