వేళచ్చేరి ఇంటి సెల్లార్‌లో నీటి ఊట: లోపలి కాలువ, పంపు పెడితే ఆగుతుందా?

నమస్కారం. మాది చెన్నై, వేళచ్చేరి. పళ్లికరణై చిత్తడి నేల దగ్గరే కాబట్టి ఈశాన్య రుతుపవనాలు మొదలైతే భూగర్భజలం బాగా పైకి వస్తుంది. 2023 డిసెంబరు తుపానులో సెల్లార్ మునిగిందంటే అర్థముంది. మామూలు వానకూ ఊట ఆగకపోవడమే నా బాధ.

గోడ, నేల కలిసే మూల వెంబడి సన్నని తడిగీత. గుడ్డతో తుడిచి టార్చి వేసి చూస్తే పది నిమిషాల్లో మళ్లీ బొట్లు కడుతున్నాయి. ఆరాక అక్కడే తెల్లటి ఉప్పు పొడి. వేలితో రాస్తే సిమెంటు కూడా రాలుతోంది. లోపలి నుంచి రెండుసార్లు వాటర్‌ప్రూఫ్ పూత వేయించాం. రెండుసార్లూ బుడగలు లేచి పెచ్చులుగా ఊడిపోయింది. వెనక నుంచి నీరు నెడుతుంటే పూత ఎలా నిలుస్తుంది? బయట తవ్వుదామంటే పక్కింటి ప్రహరీ అడ్డం.

అందుకే లోపలే గోడ వెంబడి కాలువ తీసి, కంకరలో చిల్లుల పైపు పరిచి, నీటిని ఒక గుంతలోకి మళ్లించి, ఫ్లోట్ స్విచ్ (నీరు పెరిగితే పంపును దానంతటదే ఆన్ చేసేది) ఉన్న సబ్‌మెర్సిబుల్ పంపు పెట్టాలనుకుంటున్నాం. మంచినీళ్ల సంపు కాదు, దీనికి వేరే గుంత.

కాలువ ఎంత లోతు తవ్వితే పునాదికి ప్రమాదం ఉండదు? జోరువానలోనే కరెంటు పోతుంది. అర హెచ్‌పీ పంపును ఇంటి ఇన్వర్టర్ లాగగలదా? వీధి కాలువ నిండినప్పుడు నీరు ఎక్కడికి వదులుతున్నారు?

ఇంకుడు గుంత గోడకు నాలుగడుగుల దూరంలోనే ఉంది. పూడ్చేయమని మేస్త్రీ అంటున్నాడు. వేసవిలో మా బోరుకు అదే ఆధారం, మనసొప్పడం లేదు. దూరంగా మార్పించుకున్నవారు ఎవరైనా ఉంటే దయచేసి మీ అనుభవం చెప్పండి.