సంగీతం వచ్చిన చెవితో జపనీస్: టోక్యోకి కొత్తగా వచ్చినవారి ప్రశ్న

ప్రశ్న: అందరికీ నమస్కారమండీ. టోక్యో వచ్చి నెలైంది, నిషికసాయ్‌లో ఉంటున్నాను. కర్ణాటక గాత్రం నేర్చుకున్నాను, ఏ యాసైనా వినగానే పట్టుబడుతుంది. జపనీస్ కూడా పుస్తకం ముట్టకుండా చెవితోనే వచ్చేస్తుందా?

టోక్యో నుంచి:
రండి, స్వాగతం. ఉచ్చారణ వరకు మీ చెవి గొప్ప ఆస్తి. మాటలకీ లిపికీ మాత్రం చాలదు.

జపనీస్ మాటకి ఆరోహణ అవరోహణ ఉంటుంది, అంటే గొంతు పైకెక్కడం, కిందికి దిగడం. 'హషి' చూడండి. 'హ' పైన, 'షి' కింద అంటే తినే పుల్లలు. 'హ' కింద, 'షి' పైన పలికి, తర్వాత వచ్చే 'గ' ప్రత్యయం దగ్గర దిగితే వంతెన. ఆ 'గ' కూడా పైనే నిలిస్తే అంచు. ప్రత్యయం లేకపోతే వంతెనకీ అంచుకీ తేడా తెలియదు, అందుకే ఏ నామవాచకాన్నైనా 'గ' చేర్చే నేర్చుకోండి. నిఘంటువుల్లో మాట పక్కన అంకె ఉంటుంది. ఎన్నో మాత్ర (ఒక హ్రస్వాక్షరం పలికే కాలం) తర్వాత దిగాలో అది చెప్తుంది, 0 అంటే దిగదు. పుల్లలకి 1, వంతెనకి 2, అంచుకి 0. టోక్యో విశ్వవిద్యాలయం వాళ్ల 'ఓజాడ్' సైటులో వాక్యం పెడితే గీత గీసి చూపిస్తుంది, చదివి వినిపిస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు.

సంగీతం వచ్చినవాళ్ల చిక్కు ఒకటే. దిగే చోట తెలియకుండానే గమకం, అంటే స్వరాన్ని ఊపడం, జార్చడం, పడుతుంది. కంపితం, జారు రెండూ వద్దు. ఒక్కసారి దిగాలి, ఆ మాట అయ్యేదాకా మళ్లీ ఎక్కకూడదు. ఎన్ని స్వరాలు దిగిందని లెక్కపెట్టొద్దు, మనిషి మనిషికీ మారుతుంది.

నాగోయా నుంచి:
పైన అక్క చెప్పినదానికంటే ముందు చూడాల్సింది కాలం. స్థాయి తప్పినా సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటారు, మాత్ర తప్పితే వేరే మాటే అయిపోతుంది. 'ఒబసన్' అంటే అత్త, పిన్ని వరస. 'ఒబాసన్' అంటే నానమ్మ, అమ్మమ్మ. 'కితె' రెండు మాత్రలు, రమ్మనడం. 'కిత్తె' మూడు, తపాలా బిళ్ల. మన ఛందస్సు లెక్క ఇక్కడ చక్కగా పనిచేస్తుంది. దీర్ఘానికి రెండు, ద్విత్వం ముందు అక్షరం గురువు. సున్నాకీ ఒక మాత్ర. 'నిప్పొన్' నాలుగు.

తెలుగువాళ్లకి జారిపోయేది మాట చివరి దీర్ఘం. 'అరిగతో' చివర 'తో'ని రెండు మాత్రలు సాగదీయాలి, మొత్తం అయిదు రావాలి. ఇంగ్లీషు అక్షరాల్లో ఈ దీర్ఘాలు తరచుగా కనిపించవు, అందుకే జపనీస్ మొదటి లిపి హిరగన 46 అక్షరాలు మొదటి రెండు వారాల్లోనే పూర్తిచేయండి. చేత్తో తాళం వేస్తూ చదివితే తప్పు వెంటనే దొరుకుతుంది.

ఇంకో మాట. ఇంగ్లీషు అలవాటుతో 'ట' పెట్టకండి, వాళ్లది మన 'త'కి దగ్గర. 'త్సు'కి కష్టపడక్కర్లేదు, 'చుక్క' అన్నప్పుడు పళ్ల దగ్గర పలికే 'ౘు' ఉందే, దాదాపు అదే. 'ఫు' అనేటప్పుడు పెదవిని పళ్లతో నొక్కకుండా వేడిపాల మీద ఊదినట్టు ఊదాలి.

ఒసాకా నుంచి:
ఉద్యోగం మా వైపు మారితే జాగ్రత్త. ఇక్కడ 'హషి' తిరగబడుతుంది, 'హ' పైన, 'షి' కింద ఉంటే వంతెన. రెండు యాసలూ కలిపి నేర్చుకోకండి, ముందు టోక్యోది స్థిరపరచుకోండి.

సాధన ఇలా చేయండి. వార్తలు చదివేవాళ్ల గొంతు 10 సెకన్లు తీసుకోండి. మూడుసార్లు ఊరికే వినండి, తర్వాత అర సెకను వెనకగా వాళ్లతోపాటే పలకండి, ఫోనులో రికార్డు చేసి పక్కపక్కన పెట్టి వినండి. అదే ముక్క అయిదు రోజులు. 'సుకి'లో 'ఉ' దాదాపు వినపడదు, 'దెసు' చివరా అంతే. మనం ప్రతి అచ్చునీ నిండుగా పలుకుతాం కాబట్టి అక్కడే పట్టుబడిపోతాం. అచ్చు మాయమైనా దాని మాత్ర మాత్రం ఉంచండి.

మంచి చెవికి ఒక ప్రమాదం ఉంది. విన్నది విన్నట్టే అంటుకుంటుంది. కార్టూన్లలో కుర్రాళ్లు 'నేను' అనడానికి వాడే 'ఒరె' ఆఫీసులో పెద్దవాళ్ల ముందు వాడితే మొరటుగా ఉంటుంది, 'వతషి' అనండి. క్రియలు కూడా మొదట మర్యాదగా ఉండే 'మస్' రూపంలోనే అలవాటు చేసుకోండి. యాస బాగుంటే ఎదుటివాళ్లు మీకు అంతా వచ్చనుకుని వేగం పెంచేస్తారు. 'మో ఇచిదొ ఒనెగయిషిమస్', అంటే ఇంకోసారి చెప్పండి అని, మొదటి రోజే నోటికి పట్టించండి.

యొకొహామా నుంచి:
జపనీస్ భాషా సామర్థ్యం చూసే జె.ఎల్.పి.టి. పరీక్ష జూలై, డిసెంబరుల్లో ఉంటుంది. అన్నిటికంటే సులువైన స్థాయి ఎన్5లో 180కి 80 రావాలి. వినికిడి భాగంలో 60కి 19 తప్పనిసరి, అది మీకు సులువే. మాట్లాడే పరీక్ష లేదు. మార్కులు పోయేది చదివే భాగంలో, కాబట్టి కంజీ (చైనా నుంచి వచ్చిన అక్షరాలు) రోజుకి అయిదైనా రాయండి.

ఇంట్లో పాట సాధన చేసుకునేముందు అద్దె కాగితంలో 'గక్కి ఫుక' అని ఉందేమో చూడండి. ఉంటే వాయిద్యాలు కుదరవు, గొంతెత్తి పాడినా పక్కింటివాళ్లు ఫిర్యాదు చేయొచ్చు. పనిరోజుల్లో పగటిపూట కరావొకె గది గంటకి తీసుకుంటే చవక, ఒంటరిగా వెళ్లినా ఎవరూ ఏమీ అనుకోరు. ఊరి నుంచి తెచ్చిన ఎలక్ట్రానిక్ తంబురాని నేరుగా ప్లగ్గులో పెట్టకండి. ఇక్కడ కరెంటు 100 వోల్టులు, మన 230 వోల్టుల పెట్టె సరిగ్గా పనిచేయదు. ఫోనులో తంబురా యాప్ పెట్టుకుని, చిన్న స్పీకరు తీసుకెళ్తే సరిపోతుంది.