ప్రొజెక్టర్‌లో రొయ్యల ఫొటోలు పసుపుగా పడుతున్నాయి, తెల్ల మచ్చలు కనపడటం లేదు. ఏం చేయాలి?

గుంటగట్టు:

అందరికీ నమస్కారం. నెల్లూరు జిల్లా తీరంలో ఒక రొయ్యల ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. నెలకోసారి ఏదో ఒక ఊళ్లో రైతులను కూర్చోబెట్టి, గుంటల్లో ఇప్పుడు ఏ జబ్బు తిరుగుతోంది, చెక్ ట్రే (మేత తిన్నాయో లేదో, రొయ్యలు ఎలా ఉన్నాయో చూసే పళ్లెం) ఎత్తినప్పుడు ఏం చూసుకోవాలి అనేది ఫొటోలు పెట్టి చెబుతాం. పోయిన వారం విడవలూరు వైపు ఒక ఊళ్లో మీటింగ్. నలభై మంది దాకా వచ్చారు, మేత వేళలు సర్దుకుని మరీ వచ్చారు. ఆ రోజు జరిగింది తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంది.

ఆరోగ్యంగా ఉన్న వనామి రకం రొయ్య ఫొటో పెట్టాను. రొయ్య మొత్తం పసుపు పచ్చగా పడింది. ముందు వరుసలో ఒక పెద్దాయన లేచి, "ఇది మొప్పల జబ్బు కదమ్మా, మా గుంటలోవి కూడా ఇట్టాగే ఉండాయి" అన్నారు. కాదని నేను చెప్పేలోపే పక్కాయన ఏ మందు వేయాలని అడుగుతున్నారు. మా పనిలో రంగే ప్రాణం. తలలో లివర్ ముదురు గోధుమ రంగులో ఉందా, పాలిపోయిందా అన్నది చూసే రైతు ఆ రోజు మేత తగ్గించాలా వద్దా అనుకుంటాడు. ఇక వైట్ స్పాట్ (చిప్ప మీద తెల్ల మచ్చలు వచ్చే వైరస్ జబ్బు) ఫొటోలో మచ్చ అనేదే కనపడలేదు. వేలు పెట్టి ఇక్కడ ఉంది, ఇక్కడ ఉంది అని చెప్పాల్సి వచ్చింది.

ల్యాప్‌టాప్ కొత్తది, బొమ్మ బయటికి పంపడానికి హెచ్‌డీఎంఐ పోర్టు ఉంది. ప్రొజెక్టర్ పాతది, పాత తరహా వీజీఏ పోర్టు మాత్రమే ఉంది. మధ్యలో చిన్న కన్వర్టర్, దాని తర్వాత ప్రొజెక్టర్‌తో పాటు వచ్చిన పొడుగాటి వీజీఏ కేబుల్. ఒక్కోసారి తెర నల్లబడి మళ్లీ వస్తోంది.

ఇంకో సంగతి. ల్యాప్‌టాప్‌లో ఉన్నదంతా గోడ మీద పడుతోంది. ఫొటో వెతుకుతుంటే రైతుల పేర్లతో ఉన్న పీసీఆర్ (జబ్బు ఉందో లేదో తేల్చే టెస్టు) రిపోర్టుల ఫోల్డరు కూడా కాసేపు కనపడింది. ఎవరి గుంటకు పాజిటివ్ వచ్చిందో పది మందిలో తెలిస్తే ఆ రైతు పరిస్థితి ఏమిటి? ఇది మళ్లీ జరగకూడదు. వచ్చే మీటింగ్‌కు పన్నెండు రోజులుంది. కొత్త ప్రొజెక్టర్ కొనే అవకాశం లేదు.

పొదిలి సైన్స్ మాస్టారు:

అమ్మా, మా బడిలోనూ ఇలాంటి పాత ప్రొజెక్టరే. ముందు విండోస్‌లో నైట్ లైట్ ఆన్‌లో ఉందేమో చూడండి, అది తెరను పసుపుగా చేస్తుంది. గోడకు ఏ రంగు వేశారో కూడా చూడాలి. ప్రొజెక్టర్ మెనూలో పిక్చర్ మోడ్ బ్లాక్‌బోర్డ్ అని ఉంటే రంగులు మారిపోతాయి, దాన్ని స్టాండర్డ్‌లో పెట్టండి.

రిపోర్టులు కనపడటం గురించి: విండోస్ మీటతో పాటు పి నొక్కితే నాలుగు ఆప్షన్లు వస్తాయి. మీరు డూప్లికేట్‌లో ఉన్నారు. ఎక్స్‌టెండ్ పెట్టండి. అప్పుడు గోడ అనేది మీ ల్యాప్‌టాప్‌కు పక్కన ఇంకో బల్ల వేసినట్టు. దాని మీద మీరు పెట్టిందే ఉంటుంది, మీ ఫోల్డర్లు మీ బల్ల మీదే ఉంటాయి. మొదటిసారి గోడ మీద ఖాళీ వాల్‌పేపర్ ఒక్కటే కనపడుతుంది, చెడిపోయిందనుకోకండి. ఏదైనా విండోను అటు పంపాలంటే విండోస్, షిఫ్ట్ రెండూ పట్టుకుని కుడి బాణం నొక్కండి. పవర్‌పాయింట్ అయితే స్లయిడ్ షో ట్యాబ్‌లో మానిటర్ అన్న చోట రెండో తెరను ఎంచుకోవచ్చు. ల్యాప్‌టాప్‌లో మీకు నోట్సు, గోడ మీద స్లయిడు.

గుంటగట్టు:

మాస్టారూ, ఎక్స్‌టెండ్ ఇప్పుడే ల్యాబ్‌లో ప్రయత్నించాను, అర్థమైంది. ఇన్నాళ్లూ ఆ ఖాళీ వాల్‌పేపర్ చూసి కంగారుపడి మళ్లీ డూప్లికేట్‌కు మార్చేసేదాన్ని. నైట్ లైట్ ఆఫ్‌లోనే ఉంది. గోడ కాదు, ఉతికిన తెల్ల పంచె కట్టి దాని మీదే వేశాం. మోడ్ కూడా స్టాండర్డే. పసుపు మాత్రం పోలేదు.

ఒంగోలు సర్వీస్ బెంచ్:

మేడం, పంచె తెల్లది, ల్యాప్‌టాప్ తెర తెల్లగా ఉంది, గోడ మీద పసుపు. అంటే దారిలో నీలం పోతోంది.

వీజీఏ 1987లో ఐబీఎం తెచ్చిన పద్ధతి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ మూడు వేరు వేరు వైర్లలో వెళ్తాయి. మూడూ సరిగ్గా చేరితే తెలుపు. నీలం ఆగిపోతే మిగిలిన ఎరుపు, ఆకుపచ్చ కలిసి పసుపు అవుతుంది. ఆకుపచ్చ పోతే గులాబీ, ఎరుపు పోతే నీలిపచ్చ. కాబట్టి తెర ఏ రంగుకు తిరిగిందో చూస్తే ఏ వైరు పోయిందో కేబుల్ ముట్టుకోకుండానే చెప్పవచ్చు. నిర్ధారించుకోవాలంటే పెయింట్‌లో పేజీ అంతా ముదురు నీలం నింపి ప్రొజెక్టర్‌కు పంపండి. నల్లగా పడితే అనుమానమే లేదు.

ఇప్పుడు కేబుల్ కొన చూడండి. పిన్నులు మూడు వరుసలు. వెడల్పు వైపు ఉన్న వరుసలో అయిదు పిన్నులుంటాయి, నీలానిది మూడోది, నట్టనడుమది. ఎటు నుంచి లెక్కపెట్టినా అదే. అది వంగి ఉండొచ్చు, లోపలికి దిగిపోయి ఉండొచ్చు. మా బెంచ్ మీదికి వచ్చే వీజీఏ కేబుళ్లలో సగానికి పైగా ఇదే కథ: చీకట్లో తడుముకుంటూ తిరగేసి దూర్చడం, పక్క స్క్రూలు బిగించకుండా వదిలేయడం. మధ్య వరుసలో ఒక పిన్ను అసలు లేకపోతే మాత్రం కంగారు పడకండి. చాలా కేబుళ్లలో తొమ్మిదో పిన్ను కావాలనే వదిలేస్తారు.

ల్యాబ్‌లో వీజీఏ ఉన్న పాత మానిటర్ ఉంటే అదే కన్వర్టర్, అదే కేబుల్ దానికి పెట్టండి. అక్కడా పసుపే వస్తే ప్రొజెక్టర్ తప్పు కాదు. తర్వాత కేబుల్ ఒక్కటే మార్చి చూడండి. రెండూ ఒకేసారి మార్చవద్దు, దోషం ఎక్కడుందో తెలియకుండా పోతుంది.

తెర నల్లబడి రావడం వేరే జబ్బు. హెచ్‌డీఎంఐ డిజిటల్, వీజీఏ అనలాగ్. మధ్యలో ఉన్న కన్వర్టర్ ఒట్టి తీగ కాదు, లోపల చిప్ పనిచేయాలి. దానికి కరెంటు హెచ్‌డీఎంఐ పోర్టు నుంచే రావాలి. ఆ పోర్టు 5 వోల్టుల దగ్గర 55 మిల్లీ యాంపియర్లు ఇస్తే చాలన్నది స్టాండర్డ్. కొన్ని చిప్‌లకు అది చాలదు. మీ కన్వర్టర్ పక్కన చిన్న యూఎస్‌బీ రంధ్రం ఉందేమో చూసి, ల్యాప్‌టాప్ నుంచి అక్కడికి ఒక వైరు ఇవ్వండి.

కావలి వీడియో:

అక్కా, రంగు సంగతి పై అన్న చెప్పేశాడు. మచ్చల సంగతి నేను చెబుతా, పెళ్లి ఫొటోలు తెర మీద వేసి వేసి నేర్చుకున్నదే.

పాత వీజీఏ ప్రొజెక్టర్లలో చాలావాటి రిజల్యూషన్ 1024×768, అంటే అడ్డంగా 1024 చుక్కలు, నిలువునా 768. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రెండో తెరను ఎంచుకుని, ప్రొజెక్టర్ అసలు రిజల్యూషన్ ఎంతో అంతే పెట్టండి. ఇప్పుడు లెక్క చూడండి. 12 సెంటీమీటర్ల రొయ్య స్లయిడ్ వెడల్పు అంతా పరుచుకుంటే మిల్లీమీటరుకు ఎనిమిదిన్నర చుక్కలు వస్తాయి. అదే రొయ్య స్లయిడ్‌లో మూడో వంతే ఉండి, పక్కన నాలుగు లైన్ల మాటలుంటే మిల్లీమీటరుకు మూడు చుక్కలు కూడా రావు. మీ ఫోన్ ఎన్ని మెగాపిక్సెల్ అయినా ప్రొజెక్టర్ వేసేది ఆ మూడే. మాటలు తీసేసి, తల చిప్ప ఒక్కదాన్నే కత్తిరించి స్లయిడ్ నిండా పెట్టండి.

ప్రొజెక్టర్ ప్లాస్టిక్ కుర్చీ మీద పెట్టి మూతి పైకెత్తితే బొమ్మ పైన వెడల్పవుతుంది. అది సరిచేయడానికి కీస్టోన్ తిప్పితే ఉన్న చుక్కల్లో కొన్నింటిని వదిలేస్తుంది, అంచులు మెత్తబడతాయి. కుర్చీ కింద ఇటుకలు పెట్టి అయినా సరే తెరకు ఎదురుగా నిలపండి, కీస్టోన్ సున్నాలో ఉంచండి. నలుపును వేయడం ప్రొజెక్టర్ వల్ల కాదు, తెర మీద నలుపు అంటే ఆ గదిలో ఉన్న వెలుతురే. తెర వైపు కిటికీలు మూయకపోతే తెల్ల మచ్చకూ బూడిద చిప్పకూ తేడా ఎప్పటికీ రాదు.

గుంటగట్టు:

చెప్పినవన్నీ చేసి, నిన్న మీటింగ్ అయ్యాక రాస్తున్నాను.

నీలం పేజీ నల్లగానే పడింది. పాత మానిటర్‌కు పెడితే అక్కడా పసుపే. కేబుల్ కొనను టార్చి వేసి చూస్తే వెడల్పు వరుసలో నట్టనడుమ పిన్ను సగం లోపలికి కుంగి ఉంది, మిగతా నాలుగూ నిటారుగా ఉన్నాయి. నెల్లూరులో అయిదు మీటర్ల కొత్త కేబుల్ తీసుకున్నాను. కన్వర్టర్‌కు యూఎస్‌బీ వైరు కూడా ఇచ్చాక రెండు గంటల్లో తెర ఒక్కసారి కూడా నల్లబడలేదు.

మీటింగ్ పొద్దున కాకుండా సాయంత్రం ఆరున్నరకు పెట్టించాను. తెర వైపు కిటికీలకు గోనెపట్టాలు కట్టారు. ఈసారి ఫొటో కూడా వేరుగా తీశాను. చిప్ప ఊడదీసి లోపలి పొర గీకి శుభ్రం చేసి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని తీసింది. వైట్ స్పాట్ మచ్చలు అర మిల్లీమీటరు నుంచి రెండు మిల్లీమీటర్ల దాకానే ఉంటాయి. చిప్ప ఒక్కటే స్లయిడ్ నిండా పెడితే ఒక్కో మచ్చ పంచె మీద రూపాయి బిళ్లంత పడింది.

పోయినసారి మొప్పల జబ్బా అని అడిగిన పెద్దాయన పక్క ఊరి నుంచి మళ్లీ వచ్చారు. పంచె దగ్గరికి వెళ్లి మచ్చ మీద వేలు పెట్టి, "ఇది గీకినా పోదా?" అని అడిగారు. పోదని, మచ్చ చిప్పలోనే ఉంటుందని చెప్పాను. అయితే రేపు చెక్ ట్రే ఎత్తినప్పుడు ఒకదాన్ని ఒలిచి చూస్తానన్నారు. ఇవాళ పొద్దున ఎనిమిదింటికే ప్లాస్టిక్ కవరులో అయిదు రొయ్యలు తీసుకుని ల్యాబ్‌కు వచ్చారు. వాటికి టెస్టు పెట్టి ఇది రాస్తున్నాను. పాత కేబుల్ కొన కత్తిరించి పడేశాను, ఇంకెవరూ పొరపాటున వాడకుండా.