జీడిపిక్కల కటింగ్ మెషీన్ బుక్‌లెట్: లోపలి బొమ్మలు ఎలా వేయాలి?

కాశీబుగ్గ డీటీపీ:

అందరికీ నమస్కారం. పలాస కాశీబుగ్గలో నాది చిన్న డీటీపీ షాపు. పెళ్లికార్డులు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు, ఇవే మన పని. ఇప్పుడు ఇక్కడి వర్క్‌షాపు వాళ్లొకరు కొత్త పని తెచ్చారు. వాళ్లు తయారుచేసే జీడిపిక్కల కటింగ్ మెషీన్‌తో పాటు ఇవ్వడానికి చిన్న పుస్తకం కావాలట. ఏ5 సైజు, నలుపు తెలుపు, రిసోలో (స్టెన్సిల్‌తో కాపీలు తీసే మెషీన్) కొట్టిస్తారు. మెషీన్ బిగించడం, బ్లేడ్లు మార్చడం, గ్రీజు పెట్టడం, ఇంతే విషయం.

ఫోన్‌తో ఫొటోలు తీశాను. స్క్రీన్ మీద బాగానే ఉన్నాయి గానీ, శాంపిల్ ప్రింటులో బ్లేడ్ల దగ్గర ఏదీ కనపడట్లేదు. వాడిన మెషీన్ కదా, ఇనుమూ నలుపే, దాని మీద జీడినూనె మరకా నలుపే. మెషీన్ డిజైన్ చేసిన కుర్రాడు దాని త్రీడీ మోడల్‌ని స్టెప్ ఫైలుగా ఇచ్చాడు. దాన్ని బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి ఫొటోలా తళతళలాడే బొమ్మలు, అంటే రెండర్లు, తీయమని ఓనరు గారి కోరిక. నాకు బొమ్మలు గీసే కోరల్‌డ్రా బాగా వచ్చు, త్రీడీ కొత్త. రెండర్ కోసం కష్టపడాలా, గీతల బొమ్మలే వేసుకోవాలా? కొనేవాళ్లలో ఒడిశా వాళ్లు కూడా ఉన్నారు, ఒడియాలోనూ పుస్తకం వేయాలంటున్నారు. ఈ మాట కూడా మనసులో పెట్టుకుని చెప్పండి.

నాగావళి:

ఎందుకండీ అంత హడావిడి? ఫొటోని ఇంక్‌స్కేప్‌లో (కోరల్‌డ్రా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్) కింది లేయర్‌గా పెట్టి లాక్ చేయండి, పైన పెన్ టూల్‌తో గీసుకుపోండి. ఫొటోని తనంతట తానే గీతలుగా మార్చే ట్రేస్ బిట్‌మ్యాప్ మాత్రం నొక్కకండి, మరకలకి కూడా గీతలు గీసి పెడుతుంది. చిన్న పుస్తకానికి త్రీడీ నేర్చుకోవడం దండగ.

చీపురుపల్లి డ్రాఫ్ట్స్‌మన్:

నాగావళి గారి పద్ధతి చేతుల బొమ్మలకి సరిపోతుంది, మెషీన్‌కి సరిపోదు. ఫోన్‌తో దగ్గరనుంచి తీస్తే ముందున్న పెడల్ ఏనుగు పాదమంత అవుతుంది, వెనక స్టాండు సన్నబడిపోతుంది. ట్రేస్ చేస్తే ఆ వంకరంతా బొమ్మలోకి వస్తుంది. పైగా బ్లేడ్ మార్చే బొమ్మలో చూపించాల్సినది ఫొటోలో ఉండనే ఉండదు. హోల్డరు వెనక బోల్టు కెమెరాకి ఎక్కడ కనపడుతుంది? స్టెప్ ఫైలు చేతిలో ఉన్నవాళ్లు ఫొటో పట్టుకుని కూర్చోవడం నాకు నచ్చదు.

రెండర్ సంగతి. ఓనరు గారికి అట్ట మీద ఒకటి వేసి ఇవ్వండి, సంతోషిస్తారు. లోపలి పేజీల్లోకి మాత్రం రానివ్వకండి. మామూలు రెండర్‌లో వెలుతురు తగలని వైపు నల్లబడిపోతుంది. మీ ఫొటోలకి వచ్చిన జబ్బే దానికీ వస్తుంది. ఈ విషయం మీద 1998లో సిగ్రాఫ్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ సదస్సులో ఉటా యూనివర్సిటీ వాళ్లు, ఎమీ గూచ్, బ్రూస్ గూచ్, పీటర్ షర్లీ, ఎలైన్ కోహెన్, ఒక పేపర్ ఇచ్చారు. చేత్తో గీసే టెక్నికల్ ఆర్టిస్టులు ఏం చేస్తారో చూసి దాన్నే లెక్కల్లో పెట్టారు. నలుపుని అంచు గీతలకి, తెలుపుని మెరుపుకి అట్టేపెట్టుకుంటారు. మిగతా షేడింగ్ అంతా మధ్య రంగుల్లోనే, వెలుతురు వైపు వెచ్చని పసుపు, నీడ వైపు చల్లని నీలం. అప్పుడు నీడలో ఉన్న భాగం మీద కూడా నల్లగీత స్పష్టంగా కనపడుతుంది. మీకు రంగుల్లేవు, అయినా సూత్రం అదే. నలుపు గీతకే ఉంచండి. బూడిద టింటు (పలుచని రంగు) ఒక్కటే, 20 శాతం, అదీ ఆ పేజీలో చెయ్యి పెట్టాల్సిన భాగానికి మాత్రమే. బ్లేడ్ మార్చే పేజీలో బ్లేడుకి, గ్రీజు పేజీలో పివట్‌కి, అంటే భాగం తిరిగే ఇరుసుకి. అన్నిటికీ టింటు వేస్తే ఇక చూపించేదేముంది?

గీతలు ఎలా తీయాలంటే, బ్లెండర్ కూడా అక్కర్లేదు. అది స్టెప్ ఫైలు నేరుగా తీసుకోదు, మెష్‌గా, అంటే చిన్న చిన్న పలకల అల్లికగా, మార్చాలి, మారిస్తే గుండ్రటి రాడ్డు పలకలు పలకలుగా వస్తుంది. ఫ్రీక్యాడ్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ ఉచితం, స్టెప్ నేరుగా తెరుస్తుంది. సున్నా కీ నొక్కితే ఐసోమెట్రిక్ వ్యూ. దాంట్లోనే డ్రాయింగ్ షీట్లు తయారుచేసే టెక్‌డ్రా వర్క్‌బెంచ్‌లో పేజీ పెట్టి ఆ వ్యూ వేయండి. వెనక దాగిన గీతలు అదే తీసేస్తుంది, మిగిలినవి ఎంత పెంచినా మసకబడని వెక్టర్ గీతలు, ఎస్‌వీజీ ఫైలుగా బయటికి తెచ్చుకోవచ్చు. ఐసోమెట్రిక్ ఎందుకంటే మూడు దిక్కులా కొలత ఒకే నిష్పత్తిలో తగ్గుతుంది. పెడల్ దగ్గరున్నా స్టాండు దూరమున్నా మోసం ఉండదు.

బ్లేడ్ల దగ్గర ఎక్స్‌ప్లోడెడ్ వ్యూ, అంటే భాగాలని విడదీసి వరసగా చూపే బొమ్మ, తప్పదు. 2024 నవంబర్‌లో వచ్చిన ఫ్రీక్యాడ్ 1.0 అసెంబ్లీలో దానికి టూలే ఉంది. మొత్తం మెషీన్‌ని విప్పేయకండి, అది విడిభాగాల కేటలాగ్ వాళ్ల పని. బోల్టు, వాషరు, బ్లేడు, హోల్డరు, చేత్తో ఊడదీసే వరసలోనే, ఊడివచ్చే దిక్కులోనే జరపండి. అన్నిటినీ కలుపుతూ మధ్యలో సన్నటి చెయిన్ లైను (గీత, చుక్క, గీత). చోటు చాలదని బోల్టుని పక్కకి జరిపి వేస్తారు కొందరు. విప్పినవాడు మళ్లీ బిగించేటప్పుడు వాషరు ఎటు పక్క వెయ్యాలో వెతుక్కుంటాడు.

ఇక గీత మందం. నేను ట్రేసింగ్ షీటు మీద, ఒక్కోటీ ఒక్కో మందంతో గీసే రోట్రింగ్ పెన్నులతో మొదలుపెట్టినవాణ్ణి. తెల్ల రింగుది 0.25 మిల్లీమీటర్లు, పసుపుది 0.35, గోధుమరంగుది 0.5, నీలం 0.7. ఆ అంకెలు ఊరికే పెట్టినవి కావు. ఒక్కోటీ ముందుదానికి సుమారు 1.4 రెట్లు, ఏ5 నుంచి ఏ4కి కాగితం పొడవు పెరిగే లెక్కే అది. కాబట్టి మీరు ఏ4లో 0.7, 0.5, 0.35తో వేసి ఏ5కి తగ్గిస్తే అవి 0.5, 0.35, 0.25గా దిగుతాయి. వస్తువు బయటి అంచుకి మందం, లోపలి మూలలకి మధ్యరకం, భాగాన్ని చూపించే లీడర్ గీతలకి సన్నం. టెక్‌డ్రా నుంచి వచ్చిన గీతలు చాలావరకు ఒకే మందంలో ఉంటాయి. బయటి అంచుని ఎంచి మందం చేయడం చేతిపనే, తప్పించుకోకండి. బొమ్మ కాగితం మీంచి లేచి నిలబడేది ఆ ఒక్క పనితోనే.

పేర్లు బొమ్మలో రాయకండి, అంకెలే పెట్టండి. పేర్ల పట్టిక కింద విడిగా. అప్పుడు ఒడియా పుస్తకానికి బొమ్మ ముట్టుకోనక్కర్లేదు, పట్టిక మారిస్తే చాలు. లీడర్ గీత భాగం లోపల ఆగితే చివర చుక్క, అంచు మీద ఆగితే బాణం. ఒకదాన్నొకటి దాటనివ్వకండి.

కాశీబుగ్గ డీటీపీ:

మాస్టారూ, చాలా థాంక్స్. ఫ్రీక్యాడ్‌లో ఫైలు తెరుచుకుంది, గీతలు వచ్చాయి. మూడు చోట్ల ఆగిపోయాను. బోల్టు మరలు ఒకటే నల్లటి ముద్దలా వచ్చాయి. పోత పోసిన స్టాండు మూలల్లో ప్రతిచోటా రెండేసి గీతలు. పెడల్ నొక్కితే బ్లేడ్లు దగ్గరకొచ్చి పెంకుని పట్టుకోవడం, చేతి పిడి తిప్పితే పెంకు విడిపోవడం, దీనికి రెండు బొమ్మలా ఒకటా? అసలు చెయ్యి ఎలా గీయాలి?

చీపురుపల్లి డ్రాఫ్ట్స్‌మన్:

మరలు: ఆ కుర్రాడు నిజం మరలు మోడల్ చేసినట్టున్నాడు. వాటిని సాదా రాడ్డుగా మార్చి ఇమ్మనండి. ఇంక్‌స్కేప్‌లో దాని మీద నాలుగైదు వంపు గీతలు వేస్తే బోల్టని ఎవరికైనా తెలుస్తుంది.

మూలలు: పోతలో అంచులు గుండ్రంగా ఉంటాయి. ఆ గుండ్రం మొదలయ్యే చోట ఒకటి, ముగిసే చోట ఒకటి గీత పడుతుంది. వ్యూ ప్రాపర్టీల్లో స్మూత్ గీతలు ఆపేయండి, రెండూ పోతాయి. అప్పుడు మూల బోసిగా ఉంటుంది. అక్కడ ఒకే సన్నటి గీత వేసి, రెండు కొసలా బయటి అంచుకి తగలకుండా కాస్త ముందే ఆపండి. గుండ్రటి మూల అని చెప్పే పాత పద్ధతి ఇది, ఏ సాఫ్ట్‌వేరూ సరిగా చేయదు.

పెడల్: ఒకే బొమ్మలో. పైనున్న పెడల్ మామూలు గీతతో, కిందికి నొక్కిన పెడల్ సన్నటి గీత, రెండు చుక్కలు, మళ్లీ గీతగా. కదిలే భాగం రెండో స్థానానికి ఆ గీతే వాడతారు. మధ్యలో ఒక బాణం. చేతి పిడికి మాత్రం విడి బొమ్మ వేయండి. కాలూ చెయ్యీ ఒకే బొమ్మలో కదిలితే ఏది ముందో తెలీదు.

చెయ్యికి నాగావళి గారి మాటే. గ్లౌజు వేసుకున్న చేతిని, పిక్క బ్లేడ్ల మధ్య పెడుతుండగా, మెషీన్ బొమ్మ కోణంలోనే దూరం నిలబడి జూమ్ చేసి ఫొటో తీయించండి. వేళ్ల బయటి గీత చాలు, గోళ్లు, ముడతలు వద్దు. వట్టి చేత్తో ఉన్న బొమ్మ మాత్రం వేయొద్దు. జీడినూనె చర్మాన్ని కాలుస్తుందని మీ ఊళ్లో ఒకరు చెప్పాలా?

బొబ్బిలి ప్రెస్:

ప్రింటు వైపు నుంచి రెండు మాటలు. మెషీన్ మీది కవరు లోపల ఉన్నది కనపడాలని ఆ కవరు ఒపాసిటీ తగ్గించి పారదర్శకంగా చేస్తారు చాలామంది. పేజీలు పేర్చే పేజ్‌మేకర్‌లోకి ఈపీఎస్ ఫైలుగా తెస్తే దాంట్లో ట్రాన్స్‌పరెన్సీ (పారదర్శకత) ఉండదు, ఆ భాగమంతా పిక్సెల్ బొమ్మగా మారిపోయి గీతలు మసకబడతాయి. దానికి బదులు కవరుని కోసి చూపించండి. ఫ్రీక్యాడ్ పార్ట్ వర్క్‌బెంచ్‌లో ఒక డబ్బా పెట్టి కవరులోంచి ఆ మేర తీసేస్తే సరి. కోసిన ముఖం మీద 45 డిగ్రీల సన్నటి హ్యాచింగ్ (ఏటవాలు గీతల వరస) వేయండి.

600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) రిసోలో 0.25 మి.మీ. గీతకి సుమారు 6 చుక్కలు వస్తాయి, నిక్షేపంగా పడుతుంది. మందం ఇవ్వకుండా హెయిర్‌లైన్ (అతి సన్నటి గీత) అని పెట్టేస్తే ఒక పేజీలో వస్తుంది, ఇంకో పేజీలో రాదు. ఒడియా పట్టికలో అక్షరాలని పాత్‌గా, అంటే గీతల బొమ్మలుగా, మార్చి పంపండి, అక్కడి ప్రెస్‌లో మీ ఫాంటు ఉంటుందన్న నమ్మకం లేదు. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గానే పంపండి, ఫొటోగా వద్దు. జేపీజీ అయితే ప్రతి గీత చుట్టూ బూడిద మచ్చలు చేరతాయి, రిసో వాటిని కూడా బుద్ధిగా ప్రింట్ చేస్తుంది.