ఇళ్ల వైరింగుకి ఎల్‌టీ కాంట్రాక్టర్ లైసెన్సు: సొంతంగా తీసుకోవాలా, సంతకం కొనుక్కుంటే సరిపోద్దా?

టెక్కలి తీగలు (చర్చ మొదలు)

మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఇళ్ల పనుల్లో ఏం జరుగుతోందో అందరికీ తెలుసు. వైరింగ్ ఒకరు చేస్తారు. కొత్త సర్వీసుకి (కరెంటు కనెక్షన్‌కి) మనకి కరెంటిచ్చే సంస్థ ఈపీడీసీఎల్‌లో దరఖాస్తు పెట్టేటప్పుడు, వైరింగు పరీక్షించామని చెప్పే టెస్ట్ రిపోర్టు మీద సంతకం, ముద్ర మాత్రం ఇంకొకరివి. ఆ రెండో ఆయనకి ఇల్లు ఏ వీధిలో ఉందో కూడా తెలీదు. సంతకానికి ఇంత అని రేటు, అది ఇంటాయన లెక్కలోకి పోతుంది. నేననేది ఒక్కటే: పర్మిట్ ఉండి, ఏడాది పొడవునా ఇళ్ల పని దొరికే వైర్‌మన్ సొంతంగా ఎల్‌టీ (230, 415 వోల్టుల) కాంట్రాక్టర్ లైసెన్సు తీసుకోవాలి. కాదనేవాళ్లు కారణాలు చెప్పండి. "ఇక్కడ ఇంతే బాబూ" అంటే మాత్రం కుదరదు.

రాజాం ఫేజు

కాదంటాను. ముందు పర్మిటూ లైసెన్సూ కలిపేయకండి. వైర్‌మన్ పర్మిట్ మనిషికి ఇచ్చేది, చేతిపనికి. లైసెన్సు సంస్థకి ఇచ్చేది. లైసెన్సింగ్ బోర్డుకి దరఖాస్తు పెట్టాలంటే సూపర్‌వైజర్ పర్మిట్ ఉన్న మనిషి కావాలి, పర్మిట్ ఉన్న వైర్‌మన్లు కావాలి, ఆఫీసు చిరునామా, కొలిచే పరికరాలు చూపించాలి. అసలు చిక్కు పరికరాల దగ్గర లేదు, సూపర్‌వైజర్ దగ్గరే. ఎలక్ట్రికల్ డిప్లొమా చదివిన కుర్రాడు పైడిభీమవరం ఫార్మా కంపెనీలకి పోతాడు గానీ రాజాంలో స్విచ్‌బోర్డులు బిగించే మన దగ్గర నెల జీతానికి కూర్చుంటాడా? పాయింటుకి ఇంత అని లెక్కగట్టే వైర్‌మన్ ఆ జీతం ఎక్కడినుంచి తెస్తాడు? చివరికి డిప్లొమా సర్టిఫికెట్ ఒకరిది, పని ఒకరిది అవుతుంది. సంతకం అద్దెకి తెచ్చుకునే బదులు సూపర్‌వైజర్ని అద్దెకి తెచ్చుకుంటాం. తేడా ఏటి?

మెగ్గర్ మేష్టారు

తేడా ఉంది. ఆ సంతకం దేనికి పెట్టిందో చూద్దాం.

1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్సులో 45వ రూలు, తరవాత 2010 సీఈఏ (కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ) భద్రతా నియమాల్లో 29వ నియమం ఒకటే చెప్పాయి: వినియోగదారుడి ఆవరణలో కొత్త పనైనా, మార్పైనా, రిపేరైనా లైసెన్సున్న కాంట్రాక్టరే చేయించాలి. సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజర్ దగ్గరుండాలి, పర్మిట్ ఉన్నవాడి చేత్తో జరగాలి. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు, 250 వోల్టులు మించని ఇంటి సామాను మార్చడానికి మాత్రం మినహాయింపు. అదీ లోడు, వైరింగ్ స్వభావం మారనప్పుడే. 2023లో నియమాలు మళ్లీ రాసినా ఈ మూడంచెలు పోలేదు.

2010లోని 31వ నియమం ఇంకా సూటిగా చెప్పింది. కొత్త సర్వీసు ఇచ్చేముందు, ఆరు నెలలకి పైగా ఆగిన సర్వీసు మళ్లీ కలిపేముందు, సరఫరా సంస్థ తానే పరీక్ష చెయ్యాలి. లేదా లైసెన్సున్న కాంట్రాక్టర్ సంతకం పెట్టిన పరీక్ష ఫలితాలు ఒప్పుకోవాలి. అంటే ఆ కాగితం మీద సంతకం పడిందంటే ఈపీడీసీఎల్ వాళ్లు ఇంట్లోకొచ్చి మెగ్గర్ (తీగల ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టక్కర్లేదు. వాళ్ల బదులు పెట్టినట్టే. పెట్టకుండా పెట్టానని రాస్తే ఆ ఇంటిని ఇంకెవరూ పరీక్షించరు.

రాజాం ఫేజు

పుస్తకంలో మాట సరే మేష్టారూ. నాలుగు గదుల ఇంటికి మెగ్గర్ పెట్టి ఏం కనిపెడతారు? వైరు కొత్తది, పైపు కొత్తది.

మెగ్గర్ మేష్టారు

కొత్త ఇంట్లోనే ఎక్కువ దొరుకుతాయి. ఇన్సులేషన్ పరీక్షకి మెయిన్ ఆపాలి, న్యూట్రల్ లింకు ఊడదియ్యాలి, బల్బులు తియ్యాలి, స్విచ్చులన్నీ ఆన్‌లో పెట్టాలి. సర్జ్ అరెస్టర్, ఎల్‌ఈడీ డ్రైవర్లు, ఫ్యాన్ రెగ్యులేటర్లు విడదియ్యాలి, లేకపోతే రీడింగు పడిపోతుంది లేదా డ్రైవరే పోతుంది. ప్రతి తీగకీ ఎర్త్‌కీ మధ్య 500 వోల్టుల డీసీ ఒక నిమిషం పెడితే కనీసం 1 మెగోం (పది లక్షల ఓంలు) రావాలి. పాతకాలం వాళ్లు 50ని పాయింట్ల సంఖ్యతో భాగించేవారు. 25 పాయింట్ల ఇంటికి 2 మెగోంలు. పాత లెక్కే అయినా మంచి లెక్క.

ఎక్కడ పడిపోతుందో చెప్తాను వినండి. స్లాబు పోసేటప్పుడు పైపు జాయింటుకి సొల్యూషన్ రాయకపోతే క్యూరింగు నీళ్లు లోపల నిలిచిపోతాయి. కప్లింగ్ అంచుకి తీగ రాసుకుని పీవీసీ గీరుకుపోతుంది. ఆ గీత మీద నీళ్లు చేరాక 0.2, 0.3 మెగోం చూపిస్తుంది. కరెంటు పెడితే లైటు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, ఇంటాయన సంతోషంగా గృహప్రవేశం చేసుకుంటాడు. వర్షాకాలంలో బాత్రూం గోడ జిమ్మంటుంది.

రెండోది ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు. మన వైపు ఇన్వర్టర్ లేని కొత్త ఇల్లు తక్కువ. ఇన్వర్టర్ లైన్ల న్యూట్రల్‌నీ మెయిన్స్ న్యూట్రల్‌నీ ఏదో జంక్షన్ బాక్సులో కలిపేస్తారు. ఫేజు ఆర్‌సీసీబీ గుండా పోతుంది, న్యూట్రల్ పక్కదారిన వచ్చేస్తుంది. లోపలికి పోయినదీ తిరిగొచ్చినదీ సమానం కాదు కాబట్టి 30 మిల్లీ ఆంపియర్ల పరికరం టక్కున పడుతుంది. అది దాని పని, పడాలి. మనవాళ్లు ఏం చేస్తారు? "ఆర్‌సీసీబీ పాడైంది సార్" అని తీసి పక్కన పెట్టి, తీగ డైరెక్టుగా కలిపేస్తారు. న్యూట్రళ్లు విడదీసి, ఏ న్యూట్రల్‌ని దాని బార్‌కి (తీగలు బిగించే పట్టీకి) కట్టాలంటే పూట పని మరి.

కాశీబుగ్గ 415

మూడోది నేను చెప్తా. ఎర్త్ తీగ లాగకుండా సాకెట్‌లో ఎర్త్ పిన్నుని న్యూట్రల్‌కి తగిలించడం. టెస్టర్‌తో చూస్తే అంతా బాగానే కనపడతాది. పోల్ దగ్గర న్యూట్రల్ ఊడిందనుకోండి, గ్రైండరు, ఫ్రిజ్, గీజరు ఒళ్లంతా ఫేజు ఎక్కుతాది. 2018 తిత్లీలో పలాస, వజ్రపుకొత్తూరు వైపు లైన్లు తెగిపడినట్టు ఎప్పుడు పడినా ఈ వైరింగున్న ఇల్లు ప్రమాదమే. సంతకం అమ్మేవాడికి ఆ సాకెట్ విప్పే తీరిక ఉంటాదా?

రాజాం ఫేజు

సరే, పరీక్ష కావాలి. ఒప్పుకున్నాను. దానికి లైసెన్సు ఎందుకు? పర్మిట్ ఉన్న వైర్‌మన్ చేతికే మెగ్గర్ ఇచ్చి, చిన్న లోడు ఇళ్లకి అతని సంతకమే చెల్లేలా చెయ్యండి. తప్పు చేస్తే పర్మిట్ పోతుంది. ఇప్పుడు పని చేసినవాడి పేరే కాగితం మీద లేదు, అది కదా అసలు అన్యాయం.

టెక్కలి తీగలు

ఈ మాట బాగుంది గానీ నియమం మారేదాకా ఆగాలి. ఈలోపు ప్రమాదం జరిగితే ఏమవుతుందో చూడండి. విద్యుత్ ప్రమాదంలో మనిషి చనిపోతే 24 గంటల్లో ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌కి తెలియజెయ్యాలి. విచారణలో ముందు తీసేది ఆ టెస్ట్ రిపోర్టే. సంతకం పెట్టినాయన "నేను చూడలేదు" అనలేడు, అంటే అబద్ధపు రిపోర్టు ఇచ్చినట్టు. వైరింగ్ చేసినవాడేమో లైసెన్సు లేకుండా పని చేసినవాడవుతాడు. ఇద్దరూ ఇరుక్కుంటారు. మధ్యలో ఇంటాయన ఇన్సూరెన్సు వాళ్ల చుట్టూ తిరుగుతుంటాడు.

నెల్లిమర్ల న్యూట్రల్

మధ్యేమార్గం ఒకటి ఉంది. నలుగురైదుగురు పర్మిట్ వైర్‌మన్లు భాగస్వామ్య సంస్థ పెట్టుకుని, డిప్లొమా ఉన్న ఒకర్ని భాగస్వామిగా కలుపుకోవడం. జీతం కాదు, వాటా. ఇన్సులేషన్ టెస్టర్, ఎర్త్ టెస్టర్, టాంగ్ టెస్టర్ (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచేది), మల్టీమీటర్ ఒక్క సెట్టు అందరికీ సరిపోతాయి. పరికరాలకి కాలిబ్రేషన్ (రీడింగు సరిచూసిన) సర్టిఫికెట్ ఉండాలి, అది ల్యాబ్‌లకి జాతీయ గుర్తింపునిచ్చే ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న ల్యాబ్‌ది అయితే ఎవరూ పేచీ పెట్టరు. ఒక విషయం గుర్తుంచుకోండి: ఒక సంస్థ కింద చూపించిన పర్మిట్‌ని అదే సమయంలో ఇంకో సంస్థ కింద చూపిస్తే దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. ఇప్పటికే ఎవరి దగ్గరైనా మీ పర్మిట్ కాపీ ఉంటే ముందు ఆయన దగ్గరనుంచి విడుదల కాగితం రాయించుకోండి. మనవాళ్లలో చాలామందికి తమ పర్మిట్ ఎక్కడ చూపిస్తున్నారో కూడా తెలీదు.

టర్నోవరు 20 లక్షలు దాటేదాకా జీఎస్‌టీ బెడద ఉండదు. దాటితే ఈ పనికి 18 శాతం, అది కొటేషన్‌లో ముందే రాసుకోవాలి. స్కూలు భవనాలు, పంచాయతీ పనుల టెండర్లు వెయ్యాలన్నా లైసెన్సు కావాలి. ఇళ్ల మీదొచ్చే లాభం ఒక్కటే చూస్తే రాజాం వారి లెక్క నిజమే, కిట్టుబాటు కాదు. ఆ టెండర్లు కూడా కలిపి చూడాలి.

రాజాం ఫేజు

ఐదుగురిలో ఒకడు చీపురుపల్లిలో ఎర్త్ గుంత తియ్యకుండా తియ్యించానని చెప్తే, లైసెన్సు ఐదుగురిదీ పోతుంది కదా?

నెల్లిమర్ల న్యూట్రల్

పోతుంది. అందుకే సూపర్‌వైజర్ భాగస్వామి కొలవకుండా సంతకం లేదని ఒప్పందంలోనే రాసుకోవాలి. మీరు లోపం అంటున్నది నాకు మేలుగా కనిపిస్తోంది. పక్కవాడి పని మీద కన్నెయ్యడానికి ఇంతకంటే కారణం ఏం కావాలి?

బొబ్బిలి కెమెరా

మధ్యలో ఒక సందేహం. మాది సీసీ కెమెరాలు, ఇంటర్‌కాం, నెట్‌వర్క్ కేబుల్ పని. 12 వోల్టులు, పీవోఈ (నెట్‌వర్క్ కేబుల్లోంచే కరెంటిచ్చే పద్ధతి) అయితే 48 వోల్టుల చుట్టుపక్కల. కాలిఫోర్నియాలో ఈ పనికి సీ-7 అని విడి లైసెన్సు ఉంది, 91 వోల్టులు మించని వాటికి, నాలుగేళ్ల అనుభవం చూపించాలి. ఇక్కడ మాకు ఏ లైసెన్సు కావాలి?

మెగ్గర్ మేష్టారు

ఇక్కడ దానికి విడి లైసెన్సు లేదు. మనం ఎల్‌టీ అంటున్నది 230, 415 వోల్టుల సంగతి, అమెరికావాళ్లు లో వోల్టేజ్ అనేది వేరు. మీ డేటా కేబుల్‌కి ఎవరూ లైసెన్సు అడగరు. కానీ కెమెరా ఎస్‌ఎంపీఎస్ డబ్బాకి (230ని 12 వోల్టులు చేసేది) 230 వోల్టుల కొత్త పాయింటు లాగారనుకోండి, అది మినహాయింపులో లేదు. ఆ పాయింటు పర్మిట్ ఉన్నవాడి చేత వేయించుకోండి. కరెంటు తీగ ఉన్న పైపులోనే కెమెరా కేబుల్ దూర్చడం మానండి, ఆ పైపు ఎంత ఖాళీగా ఉన్నా సరే.

మీ పనిలో తరచూ వచ్చే గొడవ కూడా చెప్తాను. 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 40 మీటర్లు లాగి, చివర అర ఆంపియర్ కెమెరా పెట్టారు. రానూపోనూ 80 మీటర్లు, మూడు ఓంల పైచిలుకు. ఒకటిన్నర వోల్టు దారిలోనే పోతుంది. పగలు 10.5 వోల్టులతో లాక్కొస్తుంది, రాత్రి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలగ్గానే కెమెరా రీస్టార్ట్ అవుతూనే ఉంటుంది. రాగి పూత అల్యూమినియం కేబుల్ అయితే ఇంకా దారుణం. పీవోఈ పెట్టుకోండి. మామూలు 802.3 ఏఎఫ్ (పీవోఈ ప్రమాణం) పోర్టు 15.4 వాట్లు ఇస్తుంది, కెమెరాకి 12.95 చేరతాయి. ఈథర్నెట్ కేబుల్ ప్యాచ్ కార్డులతో కలిపి 100 మీటర్లు దాటకూడదు.

కాశీబుగ్గ 415

ఎర్త్ టెస్టు గురించి ఎవరూ మాట్లాడట్లేదేటి? రిపోర్టుల్లో ఎక్కువ అబద్ధాలుండేది అక్కడే. అందరూ "2 ఓం" అని రాస్తారు. మూడు మేకుల పద్ధతిలో కరెంటు మేకు ఎర్త్ ఎలక్ట్రోడ్ నుంచి 30 మీటర్ల దూరంలో, మధ్య మేకు అందులో 62 శాతం దగ్గర, అంటే 18, 19 మీటర్ల మధ్య దిగాలి. మధ్య మేకుని అటూ ఇటూ రెండు మూడు మీటర్లు జరిపి మళ్లీ చూడాలి. మూడు రీడింగులూ దగ్గరగా ఉంటేనే నమ్మాలి. ఊళ్లో ఇరుకు సందుల్లో చోటు లేక నీళ్ల పైపు పక్కన మేకు దింపితే మంచి రీడింగే వస్తాది, కాకపోతే అది పైపుది, ఎర్త్‌ది కాదు.

ఇనప పైపు ఎలక్ట్రోడ్ అయితే లోపలి వ్యాసం 38 మిల్లీమీటర్లు, పొడవు రెండున్నర మీటర్లు తగ్గకూడదు. కళింగపట్నం, భావనపాడు వైపు ఉప్పు గాలికి పైపు కంటే ముందు క్లాంపు, బోల్టు తినేస్తాది. రీడింగు తీసేటప్పుడు క్లాంపు మీద కాకుండా, ఇంట్లోకి వెళ్లే ఎర్త్ తీగ చివర కొలిస్తే తుప్పు బయటపడుద్ది. గుంతలో నీళ్లు పోసి వెంటనే కొలిచి రాసే తెలివైనోళ్లు కూడా ఉన్నారు. వాళ్లకి మే నెలలో మళ్లీ కొలవమనండి.

టెక్కలి తీగలు

ఇవన్నీ చదివాక కూడా రాజాం వారు సంతకం కొనుక్కోమనే అంటారా?

రాజాం ఫేజు

కొనుక్కోమని నేనెప్పుడన్నాను? సొంత లైసెన్సు అందరికీ అచ్చిరాదన్నాను. సంతకం పెట్టే కాంట్రాక్టర్ని ఇంటికి రప్పించండి, కొలిచే పనికి డబ్బులివ్వండి, రీడింగులు ఇంటాయన ముందర రాయించండి. వైర్‌మన్‌ని పనికి ముందే ఆయన లైసెన్సు కింద నమోదు చేయించండి, పనయ్యాక కాదు. నియమం కోరేది కూడా అదే. ప్రతి వైర్‌మనూ కాంట్రాక్టర్ కానక్కర్లేదు.

టెక్కలి తీగలు

అలా వచ్చే కాంట్రాక్టర్ మన టెక్కలి డివిజన్‌లో దొరికితే నాకూ అభ్యంతరం లేదు. దొరకట్లేదనే కదా ఈ చర్చ పెట్టింది.

గరివిడి గృహస్థు

నేను ఎలక్ట్రికల్ మనిషిని కాదు, ఇల్లు కట్టుకుంటున్నాను. మెగ్గర్ పెట్టించాను, మొత్తం మీద 0.3 మెగోం వచ్చింది. ప్లాస్టరింగ్ తడి వల్లే, ఆరాక సరిపోద్ది, సంతకం పెట్టేస్తానంటున్నారు. నమ్మొచ్చా?

మెగ్గర్ మేష్టారు

తడి కారణం అయ్యుండొచ్చు, కానీ ఊహించక్కర్లేదు, తేల్చుకోవచ్చు. డిస్ట్రిబ్యూషన్ బాక్సులో అన్ని ఎంసీబీల తీగలూ, న్యూట్రళ్లూ విప్పించి, ఒక్కో సర్క్యూట్ విడిగా కొలవమనండి. తడే కారణమైతే అన్నీ కొంచెం కొంచెం తక్కువ చూపిస్తాయి, వారం ఎండ తగిలాక పెరుగుతాయి. అలాకాకుండా మిగతావన్నీ పదుల మెగోంలు ఉండి ఒక్కటే 0.3 దగ్గర ఉంటే, ఆ పైపులోనే తీగ గీరుకుపోయింది, ఎన్నాళ్లు ఎండినా బాగుపడదు. ఆ సర్క్యూట్‌ని మధ్య జంక్షన్ బాక్సు దగ్గర విడగొట్టి రెండు సగాలూ కొలిస్తే ఏ వైపో తెలుస్తుంది. ఆ ముక్క లాగేయించి కొత్త తీగ వేయించండి, పైపులో నీళ్లుంటే ముందు బ్లోయర్‌తో ఊదించండి. మళ్లీ కొలిచిన అంకెలు సర్క్యూట్ల వారీగా రాసిచ్చాకే సంతకం తీసుకోండి.