మెషిన్లన్నీ ఫుల్లుగా నడుస్తున్నాయి, ఆర్డర్లు మాత్రం లేటు. ఎక్కడ పోతోంది టైమ్?

షిఫ్ట్‌ఇన్‌చార్జ్:
మెటల్ పార్టులు చేసే చిన్న యూనిట్‌లో ప్రొడక్షన్ చూస్తుంటాను. కటింగ్, లేత్, హీట్ ట్రీట్‌మెంట్, గ్రైండింగ్, ఇన్‌స్పెక్షన్, ఇంతే మా లైను. ఏ మెషిన్ ఎంత శాతం టైమ్ నడిచిందో చూపే యుటిలైజేషన్ రిపోర్ట్ రోజూ పొద్దున ఓనర్‌గారికి వెళ్తుంది, లేత్‌లు 92 శాతం కన్నా తగ్గితే ఫోన్ వచ్చేస్తుంది. అందుకని తగ్గనివ్వం. అయినా 10 రోజులని మాటిచ్చిన ఆర్డరు పాతిక రోజులు దాటాకే గేటు దాటుతోంది. సేల్స్ వాళ్లు రోజుకో అర్జెంట్ తెచ్చి ముందు పెట్టమంటారు, దాన్ని ముందు పెడితే నిన్నటి అర్జెంట్ వెనక్కి పోతుంది. ఇప్పుడు ఓనర్‌గారు ఇంకో లేత్ కొందామంటున్నారు. నాకెందుకో మనసొప్పడం లేదు, కానీ ఎందుకు వద్దో చెప్పలేకపోతున్నాను.

లెక్కలపిచ్చి:
కొనే ముందు రెండు అంకెలు చెప్పండి. ఫ్లోర్ మీద తెరిచి ఉన్న జాబ్ కార్డులు (ఆర్డరుతో పాటు మెషిన్ మెషిన్‌కీ తిరిగే కార్డు) ఎన్ని, రోజుకు సగటున ఎన్ని క్లోజ్ అవుతున్నాయి. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ఒక కార్డు సగటున ఎన్ని రోజులు లోపల ఉంటుందో వచ్చేస్తుంది. లిటిల్స్ లా అంటారు, జాన్ లిటిల్ 1961లో రుజువు చేశాడు. క్యూ కాస్త నిలకడగా ఉంటే చాలు, మీ సూపర్‌వైజర్ ఎంత గట్టిగా అరిచినా ఆ లెక్క మారదు.

ఇంకోటి, ఏదో ఒక కార్డు పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా దాని వెంట తిరగండి. ఏ మెషిన్ ఎక్కింది ఎప్పుడు, దిగింది ఎప్పుడు, అంతే రాసుకోండి. కంప్యూటర్‌లో టైములు నమ్మొద్దు, సాయంత్రం అందరూ కలిపి ఒకేసారి కొట్టేస్తారు (మేమూ అంతే చేసేవాళ్లం).

షిఫ్ట్‌ఇన్‌చార్జ్:
లెక్కపెట్టానండీ. 312 కార్డులు, రోజుకు 12 క్లోజ్. అంటే 26 రోజులు. మా డిస్పాచ్ రిజిస్టర్‌లో ఉన్నదీ దాదాపు అదే, చూసి కాసేపు నోట మాట రాలేదు.

ఒక కార్డు వెంట కూడా తిరిగాను. 23 రోజుల్లో మెషిన్ మీద ఉన్నది 5 గంటల 40 నిమిషాలు! హీట్ ట్రీట్‌మెంట్ కలిపి కూడా ఒక రోజు మించదు. గ్రైండింగ్ ముందు ట్రేలోనే రెండు వారాలు పడి ఉంది, కార్డు మీద ఆయిల్ పడి నంబరు చెరిగిపోతే స్కెచ్ పెన్నుతో ఎవరో మళ్లీ రాశారు. దాని మీద ఇంకో మూడు ట్రేలు. అన్నట్టు ఆ ఆర్డరు 60 పీసులకి, లేత్ మీద 200 తీశారు. ఎందుకంటే "మెషిన్ ఈ పీసుకి సెటప్ చేసి ఉంది కదా సార్, మళ్లీ మార్చేకన్నా తీసేద్దామని" అన్నారు. రిపోర్ట్‌లో పర్సెంటేజీ కూడా బాగా కనిపిస్తుంది మరి.

పాతకాపు:
జవాబు మీరే రాసేశారు. మీ ఊపిరంతా గ్రైండింగ్ దగ్గర ఆగింది. ఇంకో లేత్ కొంటే ఆ ట్రేల కుప్ప ఇంకాస్త ఎత్తు పెరుగుతుంది, అంతకుమించి ఏమీ జరగదు. ఎలియాహు గోల్డ్‌రాట్ అనే ఫిజిక్స్ మనిషి 1980ల్లో ఇదే గొడవ పెట్టుకుని కూర్చున్నాడు: బిగుసుకున్న చోట ఒక గంట పోతే ఫ్యాక్టరీ మొత్తానికి ఒక గంట పోయినట్టే, మిగతా చోట్ల గంట మిగిల్చినా ఒరిగేది లేదు.

గ్రైండింగ్ మెషిన్ పక్కన ఒక షిఫ్ట్ అంతా స్టూలు వేసుకుని కూర్చోండి. అది ఆగినప్పుడల్లా ఎందుకాగిందో రాయండి. లంచ్‌కి ఆగిందా, డ్రాయింగ్ కోసం వెతికారా, ఫిక్స్‌చర్ (పీసుని బిగించి పట్టుకునేది) స్టోర్స్ నుంచి రాలేదా. మెషిన్ ఆగితే తప్ప చేయలేని పని ఏది, నడుస్తుండగానే పక్కన సిద్ధం చేసుకోగల పని ఏది అని షిగెయో షింగో అనే జపాన్ ఇంజనీర్ సెటప్‌ని రెండుగా విడదీశాడు, ముందు అది చేయండి. పైసా ఖర్చు లేదు. చెడిపోయిన పీసుల్ని గ్రైండింగ్ అయ్యాక పట్టుకోవడం కాదు, ముందే పట్టుకోవాలి. పనికిరాని పీసుకు మీ ఖరీదైన గంట ఎందుకు పెట్టాలి? ఆ కుప్ప కరిగేదాకా ఫ్లోర్ మీదికి కొత్త కార్డులు వదలడం కూడా తగ్గించండి.

క్యూలో_నిలబడ్డవాడు:
92 శాతం గురించి ఒక్క మాట. ఒకే మెషిన్, పని ఎప్పుడు పడితే అప్పుడు వస్తుంది, ఒక్కో పనికి పట్టే టైమూ మారుతుంటుంది అనుకుంటే, 80 శాతం బిజీగా ఉన్నప్పుడు సగటున ఒక పని టైముకి 4 రెట్లు వరసలో ఆగాలి. 90 దగ్గర 9 రెట్లు. 95 దగ్గర 19. మీ ఫ్లోర్‌కి అచ్చంగా ఇవే అంకెలు రావు, కానీ చివర్లో ఎక్కే ఆ నిటారు మాత్రం అందరికీ ఒకటే. ఓనర్‌గారు అడిగే ఆ చివరి 5 శాతానికి కస్టమర్ కట్టే రేటు అది.

ఖాతాపుస్తకం:
అందరూ ఒకే పాట పాడుతున్నారు, నేను అడ్డం తిరుగుతాను. ఖాళీగా ఉన్న మెషిన్‌కీ ఈఎంఐ ఆగదు. పైగా కార్డులు తగ్గించండి అంటారు, సరే, రోజుకు 12 ఆర్డర్లు వస్తూ 12 పోతుంటే ఫ్లోర్ మీదికి వదలనివి ఆఫీసు ఫైల్లో ఆగుతాయి. కస్టమర్‌కి తేడా ఏంటి? స్టాక్ మరీ పిండేసినా ప్రమాదమే. 1997 ఫిబ్రవరి 1న టయోటాకి పార్టులిచ్చే ఐసిన్ కంపెనీ కరియా ప్లాంట్‌లో మంటలు వచ్చి ఒక చిన్న బ్రేక్ వాల్వ్ ఆగితే, జపాన్‌లో టయోటా లైన్లు కొన్ని రోజులు నిలిచిపోయాయి.

పాతకాపు:
ఫైల్ సంగతి నిజమే, ఒప్పుకుంటున్నాను. రోజుకు 12ని 14 చేయకుండా కార్డులు మాత్రమే ఆపితే ఎదురుచూపు గది మారుతుంది, అంతే. కానీ ఫైల్లో ఉన్న ఆర్డరుని మార్చొచ్చు, రద్దు చేయొచ్చు, ముందుకు తేవొచ్చు. 200 పీసులుగా కోసేసి ట్రేలో పడేసినదాన్ని ఏం చేస్తారు? లేత్ మీద తప్పు జరిగితే రెండు వారాల తర్వాత గ్రైండింగ్ దగ్గర తెలుస్తుంది, అప్పటికి అదే తప్పుతో ఎన్ని లాట్లు పోయి ఉంటాయో.

ఐసిన్ ఉదాహరణ బాగుంది. అయితే అక్కడ కూడా వేరే సప్లయర్లు చేతులు వేసి వారం పది రోజుల్లోనే దారికి తెచ్చారు. స్టాక్ ఉంచండి, కాదనను. గ్రైండింగ్ ముందు ఒకటి రెండు రోజుల పని ఉంచండి. రెండు వారాలది ఎందుకు?

లెక్కలపిచ్చి:
అసలు గొడవ ఫ్లోర్ మీద లేదేమో కూడా. హార్వర్డ్ ప్రొఫెసర్ విక్హమ్ స్కిన్నర్ 1974లో ఫోకస్డ్ ఫ్యాక్టరీ అని రాసింది దీని గురించే, ఒకే ప్లాంటు అందరికన్నా చవకగా, అందరికన్నా త్వరగా, అన్ని రకాలూ చేస్తానంటే ఏదీ సరిగా చేయలేదు. మీ సేల్స్ అమ్ముతున్నది చవకా, త్వరా? త్వర అయితే కొంత ఖాళీ ఉంచుకోవడం స్ట్రాటజీలో భాగం, దానికి ధర వేసుకోవాలి. చవక అయితే 10 రోజులని మాటివ్వడం మానేయాలి. అది ఓనర్‌గారు తేల్చాలి, మీరు కాదు.

షిఫ్ట్‌ఇన్‌చార్జ్:
స్టూలు వేసుకుని కూర్చున్నాను. 8 గంటల షిఫ్ట్‌లో గ్రైండింగ్ మెషిన్ 2 గంటల 35 నిమిషాలు ఆగింది. లంచ్ 40, ఫిక్స్‌చర్ కోసం ఆపరేటర్ స్వయంగా స్టోర్స్‌కి వెళ్లి రావడం మూడుసార్లు, మిగతాది కొలతల కోసం ఇన్‌స్పెక్షన్ అతన్ని వెతకడం. లేత్ అబ్బాయి ఒకడు ఖాళీ అయితే రిపోర్ట్‌లో తిట్లు పడతాయని లాట్ తీస్తున్నాడు, ఇక్కడేమో మెషిన్ మనిషి కోసం ఆగుతోంది. వాడినే లంచ్‌లో ఇక్కడ నిలబెట్టాను.

ఓనర్‌గారు లేత్ మాట ఒక నెల పక్కన పెట్టారు. రెండు కార్డులు క్లోజ్ అయితే కొత్తది ఒకటి ఫ్లోర్ మీదికి వదులుతున్నాం. చవకా, త్వరా అన్న సంగతి ఓనర్‌గారు ఇంకా తేల్చలేదు. ఇవాళ సేల్స్ అతను మామూలుగానే అర్జెంట్ పట్టుకొచ్చాడు. బోర్డు దగ్గరికి తీసుకెళ్లి, సరే, వీటిలో ఏది వెనక్కి జరపమంటారో మీరే తీయండి అన్నాను. పది నిమిషాలు నిలబడి, ఒకసారి కస్టమర్‌కి ఫోన్ చేసి వస్తానని వెళ్లాడు.