చర్చ: ఫ్రెంచి మడత చాకులు, అసలు లాయోల్‌ని గుర్తుపట్టడం ఎలా?

కొత్తచాకు
అందరికీ నమస్తే. మా అక్కావాళ్లు ఫ్రాన్స్‌లో, తూలూజ్‌లో ఉంటారు, సంక్రాంతికి వస్తున్నారు. ఏం తెమ్మంటావంటే మడత చాకు తెమ్మన్నాను. ఒపినెల్ కంపెనీది ఎనిమిదో నంబరు (నంబరంటే సైజు) ఇప్పటికే ఉంది. ఇప్పుడు లాయోల్ మీద మనసు పడింది. ఆన్‌లైన్‌లో చూస్తే వెయ్యి రూపాయలదానికీ అదే పేరు, ఇరవై వేలదానికీ అదే పేరు. అన్నిటి మీదా తేనెటీగ ఉంది. అసలుదేదో ఎలా తెలుస్తుంది?

తూలూజ్_తెలుగు
తేనెటీగని చూసి మాత్రం కొనకండి. లాయోల్ అంటే ఆవేరోన్ జిల్లాలో ఓబ్రాక్ పీఠభూమి మీదున్న చిన్న ఊరు. ఆ ఊరి పేరే చాకు ఆకారానికీ పేరైపోయింది. ఎవరు పడితే వాళ్లు చెక్కేసుకుంటున్నారు, అందుకే చైనా, పాకిస్తాన్ సరుకు మీద కూడా అదే పేరు. ఫ్రాన్స్‌లో చేసినవాటిలో కూడా చాలావరకు ఆ ఊళ్లో చేసినవి కావు, చాకులకి పేరుపడ్డ తియేర్ అనే ఇంకో ఊళ్లో చేసినవి. వాటికేం తక్కువ లేదు. మీరు చూడాల్సింది బ్లేడు మీద తయారీదారు పేరు. ఒట్టి "లాయోల్" అని ఉండి, చేసిందెవరో లేకపోతే పక్కన పెట్టేయండి.

దుకాణాల్లో ఇంకో కథ చెప్తారు, నెపోలియన్ ఆ ఊరివాళ్ల ధైర్యానికి మెచ్చి ఆ తేనెటీగ గుర్తు ఇచ్చాడని. ఆయన పోయింది 1821లో. ఈ చాకుకి ఆద్యుడు కాల్మెల్స్ ఆ ఊళ్లో చాకులు చేయడం మొదలుపెట్టింది 1829లో!

సానపట్టు
పైవారు చెప్పినదానికి ఇంకొంచెం. మూసి పైనుంచి చూడండి, బ్లేడు రెండు రేకులకీ సరిగ్గా మధ్యలో కూర్చోవాలి. తెరిచి పక్కలకి కదిపితే ఊగకూడదు. పిడికీ లోహానికీ మధ్య గోరు ఆనకూడదు. వీపు వెంబడి ఉండే స్ప్రింగు మీద నగిషీ చూడండి, ఆకురాయితో చేత్తో చేసినదైతే గీతల్లో కాస్త తేడా ఉంటుంది. మరీ అచ్చు గుద్దినట్టుంటే అచ్చు గుద్దిందే. పిడి మీద చిన్న చిన్న మేకులతో శిలువ ఉంటే గొర్రెల కాపరుల శిలువ అంటారు. అందంగా ఉంటుంది గానీ అదీ అసలుతనానికి రుజువు కాదు, నకళ్ల మీదా వేస్తున్నారు.

ముఖ్యమైన సంగతి: మూసేటప్పుడు టక్కుమని వదిలేయకండి. చాలా లాయోల్‌లలో వాదర వెళ్లి లోపలి స్ప్రింగుకి కొట్టుకుని అక్కడ నొక్కు పడుతుంది. వేలితో ఆపుకుంటూ మూయాలి.

ఓరుగల్లోడు
అన్నా, లాయోల్‌కు లాక్ లేదు గద. స్ప్రింగు ఒత్తిడి మీదనే నిలవడాలె. కొబ్బరికాయ పొడవబోతే వేళ్ల మీదకే మూసుకుంటది. గందుకే నాకు ఒపినెలే ఇష్టం. 1955ల పెట్టిన్రు దానికి తిప్పే రింగు, 2000 నుంచి మూసినప్పుడు గూడ లాక్ అయితది. ధర జూడు, ఫ్రాన్స్‌ల పది పదిహేను యూరోలు. నేను నంబర్లన్నీ జమ చేద్దామనుకున్న. 1897ల ఒకటి నుంచి పన్నెండు దాకా తెచ్చిన్రు, ఒకటి, పదకొండు తర్వాత బంద్ పెట్టిన్రు. ఇగ అవి పాత సామాన్ల బజార్ల దొరకాల్సిందే.

గోదారిగట్టు
ఒపినెల్‌తో మా కాకినాడలో ఒకటే గొడవండీ. దాని పిడి బీచ్ అనే చెట్టు చెక్క, వానాకాలంలో ఉబ్బిపోద్ది. బ్లేడు చీలికలో బిగుసుకుపోయి గోరు విరిగినా రాదు. ఒపినెల్ పుట్టిన సవోయ్ ప్రాంతం వాళ్ల చిట్కా ఒకటుంది, రింగు వదులు చేసి పిడి అడుగు భాగాన్ని బల్లకేసి ఠపీమని కొట్టడమే. బ్లేడు మొన కొద్దిగా బయటికొస్తది, పట్టుకుని లాగేయొచ్చు. కొట్టేటప్పుడు వేళ్లు మాత్రం దూరంగా పెట్టుకోండి.

కొత్తచాకు
గోదారిగట్టు గారూ, మాదీ అదే బాధ. ఇంకోటి, నాది కార్బన్ ఉక్కు. మామిడికాయ కోస్తే నల్లబడిపోయింది. పాడైపోయినట్టేనా?

సానపట్టు
పాడవలేదు. అది పులుపు తగిలి వచ్చే నల్లరంగు, నీలి బూడిద రంగులోకి స్థిరపడితే తుప్పుని కొంత అడ్డుకుంటుంది కూడా. ఎర్రగా పొడిలా వస్తేనే తుప్పు. కొత్త బ్లేడుతో మొదట్లో పళ్లు కోస్తే ముక్కకి ఇనుము వాసన అంటుకుంటుంది, రంగు స్థిరపడ్డాక తగ్గుతుంది. వాడగానే తుడిచి ఆరబెట్టండి. వంటనూనె రాస్తే కొన్నాళ్లకి జిగురు కడుతుంది, మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ మేలు. వీధిలో చక్రంతో వచ్చేవాళ్లకి సాన పట్టమని ఇవ్వకండి. వాళ్లు కత్తిపీటలకీ కొడవళ్లకీ సరిగ్గా చేస్తారు, ఈ పల్చటి బ్లేడుని మాత్రం సగం తినేస్తారు. సన్నటి రాయి మీద ఇంట్లోనే పట్టుకోవడం మంచిది.

ఓరుగల్లోడు
పిడికి అవిసె నూనె తాగించున్రి, ఉబ్బుడు తగ్గుతది. గా నూనె గుడ్డలు మాత్రం ఉండజుట్టి పడెయ్యకున్రి, వాటంతట అవే అంటుకుంటయ్.

గోదారిగట్టు
తగ్గుద్ది గానీ పూర్తిగా పోదండీ. నేనైతే చీలిక లోపల ఇసుక కాగితంతో కాస్త అరగదీశాను. అప్పట్నుంచి శ్రావణంలో కూడా బుద్ధిగా తెరుచుకుంటోంది.

తూలూజ్_తెలుగు
కొత్తచాకు గారూ, అక్కావాళ్లకి వీలైతే తియేర్ వెళ్లమనండి. ఫ్రాన్స్ చాకుల్లో ఎక్కువ భాగం అక్కడివే, చాకుల మ్యూజియం కూడా ఉంది. ఊరి కిందుగా పారే ద్యురోల్ నది నీటితో సానచక్రాలు తిరిగేవి. పనివాళ్లు చక్రం పైన పలక మీద బోర్లా పడుకుని రోజంతా సాన పట్టేవారు. ఆ చలికి కాళ్ల మీద కుక్కని పడుకోబెట్టుకునేవారు, వెచ్చదనం కోసం. ఆ సంగతి తెలిశాక వంద యూరోల చాకుని చూస్తే ధర అడగాలనిపించదు. సరే, అడుగుతాం లెండి.

యానాం_కుర్రోడు
ఎవరూ డూక్-డూక్ మాటెత్తలేదే! 1929 నుంచి తియేర్‌లోనే చేస్తున్నారు. మడిచిన ఉక్కు రేకే పిడి, దాని మీద మెలనీషియా దేవుడి బొమ్మ. జేబులో పెట్టుకుంటే ఉన్నట్టే తెలీదు. చెక్క లేదు కాబట్టి ఉబ్బే బాధ లేదు, కానీ మా ఉప్పుగాలికి నూనె రాయకపోతే తుప్పే తుప్పు. పోగేసేవాళ్లకి నోంత్రోన్ కూడా చెప్తాను. దోర్దోన్య్ జిల్లాది, బాక్స్ అనే చెట్టు పసుప్పచ్చని చెక్కతో చేసిన పిడి మీద కాల్చి వేసిన గుర్తులు. నా పెట్టెలో వాడకుండా దాచింది అదొక్కటే.

కొత్తచాకు
తియేర్‌లో చేసిన లాయోలే చెప్పేస్తాను, తయారీదారు పేరు చూసి. కార్క్‌స్క్రూ ఉన్నది తెమ్మనాలా?

తూలూజ్_తెలుగు
సీసా బిరడాలు తీసే అలవాటుంటే తెమ్మనండి. అది 1880లో చేర్చారు. దానికంటే ముందు నుంచీ ఉన్నది దబ్బనం లాంటి సూది, మేత ఎక్కువై పొట్ట ఉబ్బిన పశువుకి గాలి తీయడానికి కాపరులు వాడేవారు. ఏదీ లేకపోతే చాకు పల్చగా ఉంటుంది, జేబుకి హాయి.

విమానంలో చేతిసంచిలో వద్దు, చెక్-ఇన్ సామానులోనే పెట్టమనండి. ఫ్రాన్స్‌లో కూడా సరైన కారణం లేకుండా జేబులో వేసుకు తిరగడం చట్టప్రకారం నేరమే, డబ్బాలోనే ఉంచమనండి. చాకు బహుమతిగా ఇస్తే స్నేహం తెగుతుందని ఫ్రెంచివాళ్ల నమ్మకం, అందుకని పుచ్చుకున్నవాళ్లు ఒక నాణెం ఇస్తారు. మీ అక్క చేతిలో రూపాయి పెట్టండి.

కొత్తచాకు
రూపాయా! మా అక్క సంగతి మీకు తెలీదండీ, బిల్లు కూడా తెస్తుంది.